జీమెయిల్ హ్యాక్ అయితే తిరిగి దక్కించుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా తప్పంటోంది. లేదా ‘మీ రికవరీ ఫోన్ నంబర్ మారింది’ అని నోటిఫికేషన్ వచ్చి, అదేంటో చూసేలోపే అకౌంట్ లాగౌట్ అయిపోయింది. ఇలాంటప్పుడు మొదటి పావుగంటలో కంగారుపడి చేసే పనులే తర్వాత అకౌంట్ చేతికి రాకుండా అడ్డం పడుతుంటాయి. అందుకే ముందు ఒక విషయం అర్థం చేసుకోవాలి.

ఉచిత జీమెయిల్ అకౌంట్‌ను వెనక్కి ఇప్పించే మనిషెవరూ గూగుల్‌లో మీకు ఫోన్‌లో దొరకరు. నిర్ణయం తీసుకునేది ఒక ఆటోమేటిక్ వ్యవస్థ. ఇన్నాళ్లూ ఈ అకౌంట్ వాడిన మనిషీ, ఇప్పుడు రికవరీ పేజీ ముందు కూర్చున్న మనిషీ ఒకరేనా అన్నదే దానికి కావాలి. దానికి సాక్ష్యాలు మీ పాత ఫోన్, మీ ఇంటి వైఫై, రోజూ వాడే బ్రౌజర్, పాత పాస్‌వర్డ్, పాత రికవరీ నంబర్. హ్యాకర్ దగ్గర కొత్త పాస్‌వర్డ్ ఉండొచ్చు గానీ ఇవన్నీ ఉండవు. వీటిని చెడగొట్టుకోకుండా వాడుకోగలిగితే అకౌంట్ వచ్చే అవకాశాలు బాగా పెరుగుతాయి.

ముందు చేయకూడనివి

ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయొద్దు. వైరస్ పోతుందనుకుని చాలామంది మొదట చేసే పని ఇదే. ఆ ఫోన్ గూగుల్‌కు ఏళ్ల తరబడి తెలిసిన పరికరం. రీసెట్ చేస్తే ఆ గుర్తింపు పోతుంది. పైగా ఆండ్రాయిడ్ ఫోన్లలో రీసెట్ తర్వాత అంతకు ముందున్న గూగుల్ అకౌంట్‌తోనే లాగిన్ కమ్మని అడిగే రక్షణ ఉంటుంది. అకౌంట్ హ్యాకర్ చేతిలో ఉన్నప్పుడు ఆ స్క్రీన్ వస్తే ఫోన్ కూడా చేతిలో ఉండి లేనట్టే. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ అకౌంట్‌ను ఫోన్ నుంచి తీసేయడమూ వద్దు. లాగిన్ ఎర్రర్ చూపిస్తున్నా సరే అలాగే ఉండనివ్వండి.

గూగుల్‌లో ‘జీమెయిల్ కస్టమర్ కేర్ నంబర్’ అని వెతకొద్దు. అలా దొరికే నంబర్లు మోసగాళ్లవి. ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి స్క్రీన్ చూస్తారు, ఓటీపీలు లాగుతారు, ‘రికవరీ ఫీజు’ అడుగుతారు. గూగుల్ అకౌంట్ రికవరీకి ఒక్క రూపాయి కూడా ఫీజు లేదు. ఇన్‌స్టాగ్రామ్, టెలిగ్రామ్‌లలో ‘హ్యాక్ అయిన అకౌంట్ తెచ్చిస్తాం’ అని మెసేజ్ పెట్టేవాళ్లూ ఈ కోవలోని వాళ్లే.

గుర్తుకొచ్చిన పాస్‌వర్డ్‌లన్నీ వరసగా కొట్టుకుంటూ పోవద్దు. తప్పు ప్రయత్నాలు ఎక్కువైతే గూగుల్ కొంతసేపు తలుపు మూసేస్తుంది. ఆ లోగా హ్యాకర్ తన పని చేసుకుపోతాడు.

ఇంకా ఏ పరికరంలోనైనా లాగిన్ అయి ఉన్నారా?

రికవరీ పేజీకి వెళ్లే ముందు ఇంట్లో ఉన్న ప్రతి పరికరం చూడండి: పాత ఫోన్, ట్యాబ్, ఆఫీసు ల్యాప్‌టాప్, పిల్లలు యూట్యూబ్ చూసే స్మార్ట్ టీవీ. ఎక్కడో ఒక చోట అకౌంట్ తెరిచి ఉండొచ్చు. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తెరిచి ఉంటే వెంటనే గూగుల్ అకౌంట్ పేజీ తెరిచి ‘సెక్యూరిటీ’ విభాగంలోకి వెళ్లండి. ‘రీసెంట్ సెక్యూరిటీ యాక్టివిటీ’లో మీరు చేయని మార్పు కనిపిస్తే, అది మీరు చేసింది కాదని చెప్పే బటన్ అక్కడే ఉంటుంది. అది నొక్కితే గూగుల్ తనే ఒక్కో మెట్టూ నడిపిస్తుంది. తర్వాత ‘యువర్ డివైజెస్’లో మీవి కాని పరికరాలను సైన్ అవుట్ చేసి పాస్‌వర్డ్ మార్చండి. పాత పాస్‌వర్డ్ అడిగి మార్చనివ్వకపోతే, అదే పరికరంలో ‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ నొక్కి రికవరీకి వెళ్లండి. ఇప్పటికే లాగిన్ అయి ఉన్న ఫోన్ నుంచి వెళ్లడం మీకు పెద్ద బలం.

ఒక జాగ్రత్త: హ్యాకింగ్‌కు కారణం కంప్యూటర్‌లో వేసిన క్రాక్డ్ సాఫ్ట్‌వేరో, గేమ్ చీటో, తెలియని బ్రౌజర్ ఎక్స్‌టెన్షనో అని అనుమానం ఉంటే ఈ పనులేవీ ఆ కంప్యూటర్‌లో చేయొద్దు. అలాంటి మాల్వేర్ సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లనే కాక బ్రౌజర్ కుకీలను (మీరు లాగిన్ అయి ఉన్నారని గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లను) కూడా ఎత్తుకుపోతుంది. కుకీ దొరికితే హ్యాకర్‌కు పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. మీరు లాగిన్ అయి ఉన్న స్థితినే తన కంప్యూటర్‌లోకి దించుకుంటాడు. టూ స్టెప్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధ్రువీకరణ కూడా అడిగే రక్షణ) ఉన్నా అకౌంట్ పోయిందంటే చాలాసార్లు కారణం ఇదే. ఆ మెషీన్‌లో కొత్త పాస్‌వర్డ్ కొడితే అదీ వాడికే చేరుతుంది. ఫోన్ నుంచి చేయండి.

రికవరీకి కూర్చునే ముందు

ఒక కాగితం తీసుకుని ఇవి రాసుకోండి. మీకు కచ్చితంగా గుర్తున్న చివరి పాస్‌వర్డ్, పెద్ద అక్షరం, చిన్న అక్షరం, గుర్తులతో సహా. దానికి ముందటిది కూడా. రికవరీకి ఇచ్చిన ఫోన్ నంబర్లు, అంటే మొదట్లో ఇచ్చింది, తర్వాత మార్చింది. రికవరీ ఈమెయిల్. అకౌంట్ సుమారుగా ఏ నెలలో, ఏ ఏడాదిలో తెరిచారు. ఎప్పుడైనా బ్యాకప్ కోడ్‌లు (ఫోన్ అందుబాటులో లేనప్పుడు లాగిన్ కావడానికి గూగుల్ ముందే ఇచ్చే కోడ్‌లు) దించుకుని ఉంటే అవి ఎక్కడున్నాయో వెతకండి. 8 అంకెల కోడ్‌లు 10 ఉంటాయి. ఒక్కటి దొరికినా పని సులువవుతుంది.

మన దగ్గర తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) కౌన్సెలింగ్ కోసమో, ఉద్యోగ దరఖాస్తు కోసమో నెట్ సెంటర్‌లో అకౌంట్ తెరిపించుకుంటారు. అక్కడి కుర్రాడు తొందరలో తన నంబర్‌నే రికవరీకి ఇచ్చేస్తాడు, పాస్‌వర్డ్ కూడా తనే పెడతాడు. రికవరీ పేజీ చూపించే నంబర్ చివరి అంకెలు మీవి కాకపోతే, ఇంట్లోవాళ్ల నంబర్లతో పోల్చి చూశాక, ఆ నెట్ సెంటర్‌ను గుర్తుచేసుకోండి. నేరుగా వెళ్లి వాళ్ల ఎదుటే ఓటీపీ తెప్పించుకోవచ్చు.

ఇక కూర్చునే చోటు. మీరు రోజూ జీమెయిల్ చూసే ఊళ్లో, ఇంటి వైఫై మీద, రోజూ వాడే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో, అందులోనూ రోజూ వాడే బ్రౌజర్‌లోనే తెరవండి. వీపీఎన్ (మీరున్న చోటును దాచే యాప్) ఉంటే ఆపేయండి. ఇన్‌కాగ్నిటో వద్దు. కుకీలు, హిస్టరీ చెరపొద్దు. స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో ప్రయత్నిస్తే అన్ని జవాబులూ సరిగ్గా చెప్పినా కుదరకపోవచ్చు. అదే జవాబులకు మీ సొంత ఫోన్‌లో దారి తెరుచుకోవచ్చు.

రికవరీ పేజీలో ఒక్కో మెట్టు

అడ్రస్ బార్‌లో ‘జీ డాట్ సీఓ స్లాష్ రికవర్’ (g.co/recover) అని ఇంగ్లిష్‌లో కొట్టండి. అది అకౌంట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్ అనే చిరునామాకు తీసుకెళ్తుంది. వేరే ఏ పేరు కనిపించినా మూసేయండి. ఈ పేజీకి నకళ్లు బోలెడు ఉంటాయి కాబట్టి సెర్చ్‌లో వచ్చిన ప్రకటనల మీద నొక్కొద్దు.

మొదట ఈమెయిల్ అడ్రస్ అడుగుతుంది. తర్వాత ‘మీకు గుర్తున్న చివరి పాస్‌వర్డ్’. హ్యాకర్ మార్చేశాడు కదా, ఇక పాతది ఎందుకని వదిలేయకండి. ఇక్కడ అడిగేది పాతదే. అది మీకు తెలుసన్నదే సాక్ష్యం. అస్సలు గుర్తు లేకపోతేనే ‘ట్రై అనదర్ వే’ నొక్కండి.

తర్వాత మీ ఫోన్‌కు ఒక ప్రాంప్ట్ రావచ్చు: ‘ఈ లాగిన్ మీరేనా?’ అని. కొన్నిసార్లు రికవరీ పేజీలో రెండంకెల సంఖ్య చూపించి, ఫోన్‌లో కనిపించే మూడింటిలో అదే నొక్కమంటుంది. ఫోన్ స్క్రీన్ తెరిచి, ఇంటర్నెట్ ఆన్‌లో పెట్టుకుని సిద్ధంగా ఉండండి. ప్రాంప్ట్ కనబడకపోతే ఫోన్‌లో జీమెయిల్ యాప్ తెరిస్తే చాలాసార్లు అప్పుడు పైకి వస్తుంది. మీరు రికవరీలో లేని సమయంలో ఇలాంటి ప్రాంప్ట్ వస్తే మాత్రం ‘కాదు’ అనే చెప్పాలి. అది హ్యాకర్ ప్రయత్నం.

తర్వాత రికవరీ నంబర్‌కు కోడ్. ఇంగ్లిష్ ‘జీ’ అక్షరం, గీత, ఆ పక్కన 6 అంకెలు వస్తాయి. ఆ 6 అంకెలు కొడితే చాలు. ఆ తర్వాత రికవరీ ఈమెయిల్‌కు కోడ్. ఒక్కో దారి మూసుకున్నప్పుడల్లా ‘ట్రై అనదర్ వే’ నొక్కుతూ ముందుకెళ్లండి. ఏ ప్రశ్ననూ ఊరికే దాటేయొద్దు. కచ్చితంగా తెలియకపోతే దగ్గరి ఊహ రాయండి. ఖాళీగా వదలడం కన్నా ఊహే మేలని గూగుల్ కూడా చెబుతుంది.

చివర్లో మిమ్మల్ని సంప్రదించడానికి ఒక ఈమెయిల్ అడగొచ్చు. అక్కడ మీరు ఇప్పుడు తెరవగలిగే అడ్రస్ ఇవ్వాలి, హ్యాక్ అయినది కాదు. ఆ అకౌంట్‌తో ముందే ముడిపడి ఉన్న అడ్రస్ అయితే ఇంకా మంచిది. కొన్నిసార్లు గూగుల్ వెంటనే లోపలికి పంపకుండా కొన్ని గంటలో, కొన్ని రోజులో ఆగమంటుంది. ఇది తిరస్కరణ కాదు. ఆ వ్యవధిలో మళ్లీ మళ్లీ ఫారం నింపకుండా ఓపిక పట్టండి. స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తుండండి, జవాబు అందులో పడొచ్చు.

హ్యాకర్ నంబర్ మార్చేసినా 7 రోజుల అవకాశం

చాలామందికి తెలియక చేజార్చుకునేది ఇదే. రికవరీ ఫోన్ గానీ, రికవరీ ఈమెయిల్ గానీ ఈమధ్యే మారి ఉంటే, మార్పు జరిగిన 7 రోజుల వరకు పాత నంబర్‌కో, పాత ఈమెయిల్‌కో కోడ్ పంపే అవకాశాన్ని గూగుల్ ఇవ్వొచ్చు. కాబట్టి నంబర్ మారిందని మెయిల్ వచ్చిన తేదీ, సమయం రాసుకోండి. ఆ వారం లోపే, సరైన పరికరం నుంచి, సరైన చోటు నుంచి ప్రయత్నం జరగాలి. ‘ఆదివారం తీరిగ్గా చూద్దాం’ అంటే గడువు దాటొచ్చు.

హ్యాకర్ తన ఫోన్‌తో టూ స్టెప్ పెట్టేసినా ఇదే దారి. అతని ఆథెంటికేటర్ (లాగిన్ కోడ్‌లు తయారుచేసే యాప్) కోడ్ అడిగే స్క్రీన్ వచ్చినప్పుడు ఆగిపోకుండా ‘ట్రై అనదర్ వే’ నొక్కితే పాత నంబర్ కనిపించవచ్చు.

కోడ్ రాకపోతే

సిమ్ పోయి డూప్లికేట్ తీసుకున్నారా? మన దేశంలో సిమ్ మార్చిన తర్వాత 24 గంటల పాటు ఎస్ఎంఎస్‌లు ఆగుతాయి. సిమ్ స్వాప్ మోసాలను అడ్డుకోవడానికి టెలికాం శాఖ పెట్టించిన నియమం ఇది. ఈ సంగతి తెలియక ఆ రోజంతా కోడ్ తిరిగి పంపమని నొక్కుతూ కూర్చుంటే ప్రయత్నాలు వృథా అవుతాయి. ఒక రోజు ఆగి మొదలుపెట్టండి. మీరు సిమ్ మార్చకుండానే సిగ్నల్ పోయి గంటలు గడిచినా రాకపోతే మాత్రం ఇంకొకరి ఫోన్ నుంచి వెంటనే మీ ఆపరేటర్‌కు చెప్పండి. మీ పేరున ఎవరో సిమ్ తీసుకుని ఉండొచ్చు.

రీఛార్జ్ చేయక ఆగిపోయిన పాత నంబరైతే, డిస్కనెక్ట్ అయిన కనీసం 90 రోజుల తర్వాత ఆపరేటర్ దాన్ని వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. ఇంకా ఎవరికీ ఇవ్వలేదంటే స్టోర్‌కు గుర్తింపు కార్డుతో వెళ్లి అడిగి చూడండి.

వాట్సాప్‌లో వచ్చిన ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, పెళ్లి పత్రిక లాంటి ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయటి నుంచి యాప్ వేసే ఫైల్) ఏదైనా నొక్కి ఉంటే, ఆ ఫోన్‌కు వచ్చే ప్రతి ఓటీపీ దొంగకూ చేరుతుండొచ్చు. అప్పుడు సిమ్ తీసి మామూలు కీప్యాడ్ ఫోన్‌లో వేయండి. ముందుగా ఆ ఏపీకేను అన్‌ఇన్‌స్టాల్ చేసి, ప్లే స్టోర్‌లోని ప్లే ప్రొటెక్ట్‌తో స్కాన్ చేసి, అప్పుడే స్మార్ట్‌ఫోన్‌ను వైఫై మీద పెట్టి రికవరీ పేజీ తెరవండి. కోడ్ కీప్యాడ్ ఫోన్‌కు వస్తుంది, తెలిసిన పరికరం చేతిలోనే ఉంటుంది. ఫోన్ రీసెట్ చేయాల్సి వచ్చినా అకౌంట్ చేతికొచ్చాకే.

విదేశాల్లో ఉండి అమ్మానాన్నల అకౌంట్ తెప్పించాలంటే

డల్లాస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉన్న కొడుకో కూతురో గుంటూరులో ఉన్న నాన్నగారి అకౌంట్‌ను తమ ల్యాప్‌టాప్ నుంచి తెరవడానికి ప్రయత్నిస్తుంటారు. సాయం చేయాలన్న తపనే గానీ, గూగుల్‌కు అది అచ్చం హ్యాకర్ చేసే పనిలాగే కనబడుతుంది: కొత్త దేశం, కొత్త పరికరం, తప్పు పాస్‌వర్డ్‌లు. అసలు ప్రయత్నం అమ్మానాన్నల ఫోన్‌లో, వాళ్ల ఇంట్లోనే జరగాలి. ఇంకో ఫోన్‌లో వాట్సాప్ వీడియో కాల్ పెట్టించి, కెమెరా స్క్రీన్ వైపు తిప్పించి, ‘నాన్నా, కింద నీలం రంగు బటన్ నొక్కండి’ అని ఒక్కో మెట్టూ చెప్పండి. పక్కింటి చదువుకున్న పిల్లలెవరైనా నమ్మకస్తులు ఉంటే అరగంట కూర్చోబెట్టండి.

మీ సొంత అకౌంట్‌కే ఇండియా నంబర్ రికవరీగా ఉంటే ఆ సిమ్ ఇంటి దగ్గర ఎవరి ఫోన్‌లోనైనా వేయించి, కోడ్ వచ్చిన వెంటనే చదివించుకోండి. కోడ్‌కు కాలపరిమితి ఉంటుంది కనుక ముందే ఫోన్‌లో మాట్లాడుతూ ఉండి, అప్పుడు ‘సెండ్’ నొక్కండి.

లోపలికి వచ్చాక మొదటి అరగంట

పాస్‌వర్డ్ మార్చగానే పని అయిపోయిందనుకోవద్దు. తిరిగొచ్చిన అకౌంట్ వారం తిరక్కుండా మళ్లీ పోయేది ఈ దశను వదిలేసినందువల్లే. ఈ వరసలో చేయండి.

పాస్‌వర్డ్ పూర్తిగా కొత్తది పెట్టండి. పాతదానికి చివర 1 చేర్చడం కాదు. పాస్‌వర్డ్ మారితే చాలా పరికరాలు లాగౌట్ అవుతాయి గానీ, అన్నీ అవుతాయని అనుకోకండి. ‘యువర్ డివైజెస్’లోకి వెళ్లి గుర్తుపట్టని ప్రతి దాన్నీ చేత్తో సైన్ అవుట్ చేయండి.

తర్వాత రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ చూడండి. హ్యాకర్‌ది తీసేయండి. ఈమెయిల్ విషయంలో ఒక్కో అక్షరం చదవాలి. మీ అడ్రస్‌లాగే ఉండి ఒక అక్షరమో, ఒక అంకో తేడాగా ఉన్నది పెట్టి వెళ్తుంటారు. టూ స్టెప్ పేజీలో మీది కాని ఆథెంటికేటర్, ఫోన్ నంబర్, పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో, స్క్రీన్ లాక్‌తోనో తెరిచేది), సెక్యూరిటీ కీ (లాగిన్‌కు వాడే చిన్న పరికరం) ఉంటే తొలగించండి. బ్యాకప్ కోడ్‌లు కొత్తవి తెప్పించుకుంటే పాతవి పనిచేయవు. ‘యాప్ పాస్‌వర్డ్స్’ పేజీ తెరిచి మీరు పెట్టనిది ఏదైనా ఉంటే తీసేయండి. 16 అక్షరాల ఆ పాస్‌వర్డ్‌తో టూ స్టెప్ లేకుండానే మెయిల్ చదవొచ్చు. థర్డ్ పార్టీ యాప్‌ల జాబితా కూడా చూడండి. కొన్ని అనుమతులు పాస్‌వర్డ్ మారినా అలాగే నిలిచి ఉంటాయి.

మెయిల్‌బాక్స్‌లో దాచిన దారులు

ఇది అన్నిటికన్నా శ్రద్ధగా చేయాల్సింది. మొబైల్ యాప్‌లో ఈ సెట్టింగ్స్ అన్నీ కనబడవు. కంప్యూటర్ బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి, పైన కుడివైపు పళ్లచక్రం గుర్తు నొక్కి ‘సీ ఆల్ సెట్టింగ్స్’లోకి వెళ్లండి.

‘ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్’ ట్యాబ్ మొదట. హ్యాకర్ పెట్టే ఫిల్టర్ ఇలా ఉంటుంది: మెయిల్‌లో ‘బ్యాంక్’, ‘అలర్ట్’, ‘సెక్యూరిటీ’, ‘పాస్‌వర్డ్’ అన్న ఇంగ్లిష్ పదాలు ఏవి ఉన్నా, ఇన్‌బాక్స్‌కు రానివ్వకుండా చదివినట్టు గుర్తు పెట్టి డిలీట్ చేయి. దీని ఫలితం ఊహించండి. మీ పేరున షాపింగ్ సైట్‌లో ఆర్డర్ వెళ్తుంది, బ్యాంకు హెచ్చరిక మెయిల్ పంపుతుంది, అది నేరుగా ట్రాష్‌లో పడుతుంది. పాస్‌వర్డ్ మార్చినా ఫిల్టర్ తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. ఫిల్టర్‌లో ‘ఫార్వర్డ్ టు’ అని వేరే అడ్రస్ ఉంటే ఆ రకం మెయిల్స్ అన్నీ హ్యాకర్‌కు వెళ్తున్నట్టే, ప్రధాన ఫార్వర్డింగ్ ఆఫ్‌లో ఉన్నా సరే. మీరు పెట్టని ప్రతి ఫిల్టర్‌నూ తీసేయండి. తీసే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, హ్యాకర్ దేని మీద కన్నేశాడో అది చెబుతుంది. బ్లాక్ చేసిన అడ్రస్‌ల జాబితాలో మీ బ్యాంకు అడ్రస్ ఉందేమో కూడా చూడండి.

‘ఫార్వర్డింగ్ అండ్ పాప్, ఐమ్యాప్’ ట్యాబ్‌లో తెలియని అడ్రస్ ఉంటే తొలగించండి. మీరు అవుట్‌లుక్ లాంటి ప్రోగ్రామ్‌లో మెయిల్ చూడకపోతే పాప్ (వేరే ప్రోగ్రామ్ మీ మెయిల్స్‌ను దించుకునే పద్ధతి) ఆపేయొచ్చు. ‘అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్’ ట్యాబ్‌లో ‘సెండ్ మెయిల్ యాజ్’ కింద వేరే అడ్రస్, లేదా మీ పేరు పక్కనే వేరే ‘రిప్లై టు’ అడ్రస్ పెట్టారేమో చూడండి. రిప్లై టు మారిస్తే మీ బంధువులు మీకు రాసిన జవాబు మోసగాడికి చేరుతుంది. అదే ట్యాబ్‌లో ‘గ్రాంట్ యాక్సెస్ టు యువర్ అకౌంట్’ అని ఉంటుంది. అక్కడ పేరున్నవాళ్లు మీ పాస్‌వర్డ్ లేకుండానే మీ మెయిల్ చదవగలరు. జనరల్ ట్యాబ్‌లో సిగ్నేచర్, వెకేషన్ రెస్పాండర్ కూడా చూడండి.

చివరగా ఇన్‌బాక్స్ పేజీ అట్టడుగున కుడివైపు ‘డీటెయిల్స్’ అన్న చిన్న లింక్ నొక్కితే, ఈమధ్య ఏ బ్రౌజర్ నుంచి, ఏ ఐపీ అడ్రస్ నుంచి, ఎన్నింటికి తెరిచారో కనిపిస్తుంది. ఫిర్యాదుకు ఇది పనికొస్తుంది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

పోయిన మెయిల్స్, ఫోటోలు

జీమెయిల్ ట్రాష్‌లో, స్పామ్‌లో మెయిల్స్ 30 రోజులు ఉంటాయి. డ్రైవ్ ట్రాష్ కూడా 30 రోజులు. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటోలు ట్రాష్‌లో 60 రోజులుంటాయి. కాంటాక్ట్స్‌ను గత 30 రోజుల్లో ఏ సమయానికైనా వెనక్కి తిప్పే ‘అన్‌డూ చేంజెస్’ సౌకర్యం ఉంది. హ్యాకర్ ట్రాష్‌ను కూడా ఖాళీ చేసి ఉంటే, జీమెయిల్ హెల్ప్‌లో ‘మెసేజ్ రికవరీ టూల్’ ఉంది. వేరొకరు చొరబడి తీసేసిన మెయిల్స్ కోసమే అది. ఎంత త్వరగా అడిగితే అంత మంచిది, అన్నీ వస్తాయన్న హామీ మాత్రం లేదు.

పంపిన మెయిల్స్ ఫోల్డర్ చదవడం మరిచిపోవద్దు. ‘అర్జెంటుగా డబ్బు కావాలి’ అని ఎవరెవరికి వెళ్లిందో చూసి, వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.

ఈ మెయిల్‌కు ముడిపడిన మిగతావన్నీ

సెర్చ్ బాక్స్‌లో ‘పాస్‌వర్డ్ రీసెట్’, ‘న్యూ లాగిన్’, ‘వెరిఫికేషన్ కోడ్’ అని ఇంగ్లిష్‌లో వెతకండి. హ్యాక్ అయిన రోజు నుంచి ఇప్పటిదాకా ఏ సైట్ల పాస్‌వర్డ్‌లు మార్చడానికి ప్రయత్నం జరిగిందో అర్థమవుతుంది. ట్రాష్, స్పామ్ కలిపి వెతకాలి. ఒక్కసారిగా వందల కొద్దీ చెత్త మెయిల్స్ వచ్చి ఉంటే అనుమానించండి. ఒక ముఖ్యమైన బ్యాంకు మెయిల్‌ను ఆ వరదలో ముంచేయడానికి అలా చేస్తారు.

క్రోమ్‌లో గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయి పాస్‌వర్డ్‌లు సేవ్ చేసే అలవాటుంటే అవి ఆ అకౌంట్‌లోనే ఉంటాయి. కాబట్టి అవన్నీ బయటపడ్డట్టే లెక్క వేసుకుని, డబ్బుతో సంబంధం ఉన్నవి ముందు మార్చండి: నెట్‌బ్యాంకింగ్, డీమ్యాట్, కార్డు సేవ్ చేసిన షాపింగ్ సైట్లు. తర్వాత ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఆదాయపు పన్ను పోర్టల్, డిజిలాకర్. డ్రైవ్‌లో గానీ, మెయిల్‌లో గానీ ఆధార్, పాన్, క్యాన్సిల్డ్ చెక్ స్కాన్‌లు ఉండి ఉంటే కొన్ని నెలల పాటు మీ సిబిల్ రిపోర్ట్ (మీ అప్పుల చరిత్ర) చూస్తుండండి, మీ పేరున ఎవరైనా లోన్ తీసుకుంటే అందులో తెలుస్తుంది. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసి, మీవి కానివి అక్కడే రిపోర్ట్ చేయొచ్చు.

యూట్యూబ్ ఛానల్ ఉన్నవాళ్లు స్టూడియోలో పర్మిషన్లు, కొత్తగా చేరిన మేనేజర్లు, డిలీట్ లేదా ప్రైవేట్ అయిన వీడియోలు చూడాలి. ఛానల్‌కు క్రియేటర్ సపోర్ట్ అందుబాటులో ఉంటే అక్కడ మాత్రం మనుషులతో మాట్లాడే వీలుంది. ఎక్స్‌లో టీమ్‌యూట్యూబ్ అధికారిక ఖాతాకు రాయొచ్చు. అదే పోస్టు కింద ‘నేను తెచ్చిస్తా’ అని వచ్చే వాళ్లకు జవాబివ్వొద్దు.

పోలీసు ఫిర్యాదు

డబ్బు పోయిందంటే మొదట 1930కి ఫోన్. ఇది దేశమంతటికీ ఒకటే నంబర్. ఎంత తొందరగా చేస్తే, డబ్బు చేరిన ఖాతాను స్తంభింపజేసే అవకాశం అంత ఎక్కువ. ఆ వెంటనే బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడో వ్యక్తి మోసం చేసినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో చెబితే ఖాతాదారుడి మీద భారం పడదని రిజర్వ్ బ్యాంక్ 2017 జూలైలో ఆదేశాలిచ్చింది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే లెక్క మారుతుంది.

డబ్బు పోకపోయినా నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి ఉంచండి. రేపు మీ అకౌంట్ నుంచి ఎవరినైనా మోసం చేస్తే ఆ రసీదే మీకు రక్ష. అలర్ట్ మెయిల్స్, ఐపీ అడ్రస్‌లు, ఫిల్టర్ స్క్రీన్‌షాట్లు జతచేయండి. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడటం ఐటీ చట్టం, 2000లోని సెక్షన్ 66సీ కింద నేరం. 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండొచ్చు. స్టేషన్‌లో ‘ఇది మా పరిధి కాదు’ అంటే, పరిధితో సంబంధం లేకుండా ఫిర్యాదు తీసుకునే జీరో ఎఫ్ఐఆర్ గురించి అడగండి.

కాలేజీ, కంపెనీ మెయిల్స్, అవుట్‌లుక్

కాలేజీ లేదా కంపెనీ ఇచ్చిన అడ్రస్ అయితే పైన చెప్పిన రికవరీ ఫారంతో కుస్తీ పట్టకుండా అడ్మిన్‌కు చెప్పండి. రెండు నిమిషాల్లో పాస్‌వర్డ్ మార్చి, అన్ని చోట్లా లాగౌట్ చేయగలరు.

అవుట్‌లుక్, హాట్‌మెయిల్‌లకు మైక్రోసాఫ్ట్ రికవరీ ఫారం వేరుగా ఉంది. ఇటీవల పంపిన మెయిల్స్ సబ్జెక్ట్ లైన్లు, ఎవరికి పంపారో వాళ్ల అడ్రస్‌లు, పాత పాస్‌వర్డ్‌లు అడుగుతుంది. మీ మెయిల్స్ అందుకున్న స్నేహితుల దగ్గర సబ్జెక్ట్ లైన్లు యథాతథంగా అడిగి తెచ్చుకుని నింపండి. రోజుకు రెండుసార్లు ప్రయత్నించవచ్చు. ఆ అకౌంట్‌లో టూ స్టెప్ ఆన్‌లో ఉంటే ఈ ఫారం పనిచేయదు. సెక్యూరిటీ సమాచారమంతా మార్చితే 30 రోజులు ఆగాల్సి వస్తుంది.

ఎన్ని ప్రయత్నాలు చేసినా రాకపోతే

రోజుకు పదిసార్లు కాకుండా, కొన్ని రోజుల విరామంతో, ప్రతిసారీ ఏదో ఒక సాక్ష్యం కొత్తగా చేర్చి ప్రయత్నించండి: మరో పాత ఫోన్, ఇంకో పాత పాస్‌వర్డ్, పాత ఇంటి వైఫై. కొత్త సాక్ష్యం లేకుండా అదే ఫారం మళ్లీ నింపితే అదే జవాబు వస్తుంది.

ఆ లోగా కొత్త అకౌంట్ తెరిచి బ్యాంకు, డీమ్యాట్, పీఎఫ్, ఇన్సూరెన్స్, ఆదాయపు పన్ను పోర్టల్‌లలో మెయిల్ అడ్రస్ మార్పించండి. చాలావాటిలో మొబైల్ ఓటీపీతోనే మార్చుకోవచ్చు, లేదంటే బ్రాంచికి వెళ్లి ఫారం ఇవ్వాలి. పాత అకౌంట్ వస్తుందన్న ఆశతో దీన్ని వాయిదా వేస్తే రీసెట్ లింకులన్నీ హ్యాకర్‌కే వెళ్తుంటాయి.

మళ్లీ ఇలా కాకుండా

అకౌంట్ చేతికొచ్చిన రోజే టూ స్టెప్ పెట్టేయండి. ఎస్ఎంఎస్ కన్నా పాస్‌కీ మేలు. వేలిముద్రతోనో, స్క్రీన్ లాక్‌తోనో తెరుచుకుంటుంది, నకిలీ పేజీలో పనిచేయదు. ఆథెంటికేటర్ యాప్ వాడితే, దాని బ్యాకప్ ఇదే గూగుల్ అకౌంట్‌లో ఒక్కచోటే ఉంచితే ఫోన్ పోయిన రోజున అకౌంట్‌కూ, అందులోని కోడ్‌లకూ ఒకేసారి దారి మూసుకుపోవచ్చు. అందుకే 10 బ్యాకప్ కోడ్‌లను ప్రింట్ తీసి బీరువాలో పాస్‌పోర్ట్, ఇంటి పత్రాలతో పాటు పెట్టండి. ఫోన్ గ్యాలరీలో స్క్రీన్‌షాట్‌గా పెట్టొద్దు, అది తిరిగి అదే అకౌంట్‌లోని ఫోటోస్‌కు వెళ్లొచ్చు.

రికవరీ నంబర్‌గా నిత్యం రీఛార్జ్ అయ్యే నంబర్ ఇవ్వండి. గూగుల్ 2025లో తెచ్చిన ‘రికవరీ కాంటాక్ట్స్’లో ఇంట్లోవాళ్లను ఒకరిద్దరిని చేర్చండి. మీకు తలుపు మూసుకుపోతే మీరేనని వాళ్లు ధ్రువీకరిస్తారు, వాళ్లకు మీ అకౌంట్‌లోకి ప్రవేశం ఉండదు. రికవరీ ఈమెయిల్‌కు కూడా టూ స్టెప్ పెట్టి, ఆర్నెల్లకోసారి తెరిచి చూడండి. గూగుల్ రెండేళ్ల పాటు వాడని అకౌంట్లను తొలగించొచ్చు. అలా పోయిన అడ్రస్ రికవరీకి ఉందంటే కోడ్ పంపే చోటే లేనట్టు.